'అసలు సంగతి'కి ఇంగ్లిష్‌లో ఎన్ని మాటలు? ఖరిదా తెలుగువారికి వాటి తేడా ఎందుకు తెలియాలి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఖరిదా ఒక పేట. ఇక్కడి తెలుగు కుటుంబాలకు రోజూ నాలుగు భాషలతో పని. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, తోటి ఉద్యోగులతో హిందీ, ఆఫీసు కాగితం మీద ఇంగ్లిష్.

మొదటి మూడు భాషల్లో ఒక మాట దాదాపు ఒకేలా వినిపిస్తుంది. తెలుగులో 'అసలు సంగతి', బెంగాలీలో 'ఆసల్ కథా', హిందీలో 'అసలీ బాత్'. మూడింటికీ మూలం 'అస్ల్' అనే అరబీ పదం. దానికి వేరు, పునాది అని అర్థం. అప్పు లెక్కల్లో వడ్డీ పక్కన ఉండే 'అసలు' కూడా ఇదే.

ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. జిస్ట్, క్రక్స్, థీమ్, థీసిస్, సబ్‌స్టెన్స్, ఎసెన్స్, పాయింట్, అప్‌షాట్, బాటమ్ లైన్... ఇలా పదీ పదిహేను మాటలు ఎదురవుతాయి. నిఘంటువు తిరగేస్తే వీటిలో చాలావాటికి 'సారాంశం' అనే అర్థమే కనిపిస్తుంది. కానీ ఇవి ఒకదాని బదులు మరొకటి వాడదగ్గ మాటలు కావు. ఒక్కో మాట చదివేవారిని ఒక్కో పని చేయమంటుంది. ఆ పనేమిటో తెలియకపోతే పిల్లలకు మార్కులు తగ్గుతాయి. పెద్దలకైతే కొన్నిసార్లు ఉద్యోగం మీదికే వస్తుంది.

ఉద్యోగానికి అక్కర్లేని ఇంగ్లిష్, ఉద్యోగంలో తప్పని ఇంగ్లిష్

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1902లో తూర్పు తీర రైలు మార్గంలోని ఉత్తర భాగం కూడా దాని చేతికి వచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ మార్గంలో భాగమయ్యాయి. వర్క్‌షాపులోనూ యార్డుల్లోనూ పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1920ల్లో ఈ రైల్వే కార్మిక సంఘ నాయకుల్లో ఒకరు.

2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారు ఎంతోకాలంగా కోరుకున్న గుర్తింపు అది. అయితే అది రాష్ట్ర ప్రభుత్వ వ్యవహారాలకు సంబంధించినది. రైల్వే కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి అక్కడ 1976 నాటి అధికార భాషల నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం పశ్చిమ బెంగాల్ 'సి' ప్రాంతంలో ఉంది. ఈ ప్రాంతంలోని వ్యక్తులకు కేంద్ర కార్యాలయాలు ఇంగ్లిష్‌లో రాయాలి. ఉద్యోగి తన దరఖాస్తు, అప్పీలు హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఇవ్వవచ్చు. తన మీద క్రమశిక్షణ చర్య తీసుకుంటే ఆ నోటీసు ఈ రెండు భాషల్లో ఏదో ఒకదానిలో కావాలని కోరవచ్చు. తెలుగులో అడిగే వీలు లేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. రైల్వే నియామక బోర్డులు నిర్వహించే ఎన్‌టీపీసీ, గ్రూప్ డి పరీక్షల్లో ఇంగ్లిష్ భాషకు ప్రత్యేక విభాగం లేదు. ప్రశ్నపత్రాన్ని తెలుగులోనే తీసుకుని రాయవచ్చు. అంటే ఇంగ్లిష్ పెద్దగా రాకపోయినా రైల్వే ఉద్యోగం సంపాదించవచ్చు. కానీ ఉద్యోగంలో చేరిన తర్వాత చేతికి వచ్చే మెమోలు, ఉత్తర్వులు, చార్జిషీట్లు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. వాటిలో 'అసలు సంగతి' ఎక్కడుందో పట్టుకోవడం ఎవరికి వారు నేర్చుకోవాల్సిందే.

బడిలో మొదలయ్యే తికమక

తెలుగు పాఠంలో పద్యం చెప్పే పద్ధతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముందు ప్రతిపదార్థం, ఆ తర్వాత తాత్పర్యం లేదా భావం. బడిలో తాత్పర్యం రాయడమంటే పద్యంలోని ఏ విషయాన్నీ వదలకుండా వాడుక మాటల్లో చెప్పడం. అందుకే నాలుగు పాదాల పద్యానికి తాత్పర్యం ఒక్కోసారి ఎనిమిది వరుసలవుతుంది. అది తప్పు కాదు, అక్కడ అడిగిందే అది. ఇంగ్లిష్‌లో ఈ పనికి సరిపోయే మాట 'పారాఫ్రేజ్'.

బెంగాలీ బడిలో ఇదే పనికి వేరే లెక్క ఉంది. వచన భాగాన్ని కుదించి రాస్తే 'సారాంశ', కవితను కుదించి దాని లోపలి భావం చెబితే 'సారమర్మ'. దీనికి ఎదురుగా 'భావసంప్రసారణ్' అనే మరో అభ్యాసం ఉంటుంది. ఒకటి రెండు వాక్యాల్లోని భావాన్ని విస్తరించి రాయడం దాని ఉద్దేశం. పైగా 'మర్మ' అనే మాట రెండు భాషల్లోనూ ఉన్నా అర్థాల్లో తేడా ఉంది. బెంగాలీలో అది లోపలి అసలు భావం. తెలుగులో మర్మం అనగానే గుట్టు, రహస్యం స్ఫురిస్తాయి.

ఇంట్లో ఒక పద్ధతి, బడిలో మరో పద్ధతి వింటూ పెరిగిన పిల్లల ముందు ఇంగ్లిష్ పేపరు 'సెంట్రల్ ఐడియా రాయండి' అంటే ఏమవుతుంది? చాలామంది కవిత మొత్తాన్ని సొంత మాటల్లో తిరిగి చెబుతారు. రాసినదాంట్లో తప్పేమీ ఉండదు. అడిగింది మాత్రం అది కాదు. ఇక్కడ ఇంగ్లిష్ రాకపోవడం కంటే, ప్రశ్నలోని మాట ఏ పని చేయమంటోందో గుర్తించకపోవడమే పెద్ద లోపం.

నాలుగు పనులు, నాలుగు గుంపులు

ఈ మాటలన్నింటినీ అర్థాలతో బట్టీ పట్టడం కంటే, అవి చెప్పే పనిని బట్టి నాలుగు గుంపులుగా విడదీసుకోవడం సులువు.

మొదటి గుంపు కుదించమనే మాటలు. జిస్ట్, సమ్మరీ, సబ్‌స్టెన్స్, సినాప్సిస్, ప్రెసీ, అబ్‌స్ట్రాక్ట్ ఈ గుంపులోవి. వీటన్నింటిలోనూ పెద్దది చిన్నదవుతుంది. ఎంత చిన్నది అన్నదే తేడా. 'జిస్ట్' రెండు మూడు వాక్యాల్లో, నోటితో కూడా చెప్పేయగలిగింది. 'సమ్మరీ'లో ముఖ్యమైన అంశాలన్నీ వరసగా రావాలి. 'ప్రెసీ'కి కొలత ఉంటుంది. సాధారణంగా మూల పాఠంలో మూడో వంతు ఉండాలి. సివిల్స్ మెయిన్స్‌లో అర్హత కోసం రాసే ఇంగ్లిష్ పేపరులో ఇది అడుగుతారు. 'అబ్‌స్ట్రాక్ట్' పరిశోధన వ్యాసాల ముందు కనిపిస్తుంది. ఖరగ్‌పూర్‌లోనే ఉన్న ఐఐటీలో విద్యార్థులు సమర్పించే థీసిస్ మొదట్లో ఉండేది అదే.

రెండో గుంపు వేలు పెట్టి చూపించమనే మాటలు. సెంట్రల్ ఐడియా, థీమ్, థీసిస్, మెసేజ్, మోరల్ ఈ గుంపులోవి. ఇక్కడ కుదించి లాభం లేదు. రచన అంతటినీ నిలబెట్టే ఒక్క భావాన్ని బయటకు తీసి చూపాలి. 'థీమ్' అంటే రచన దేని గురించి అన్నది. దాన్ని ఒక మాటలో కూడా చెప్పవచ్చు. వలస, స్నేహం, తల్లి ప్రేమ వంటివి థీమ్‌లు. 'థీసిస్' అంటే దాని గురించి రచయిత తేల్చి చెప్పే వాదన. అది వాక్యంగానే ఉంటుంది, ఎవరైనా కాదనగలిగేలా కూడా ఉంటుంది. ఈ రెండు మాటలూ 'ఉంచడం, పెట్టడం' అనే అర్థమున్న ఒకే గ్రీకు ధాతువు నుంచి వచ్చాయి.

మూడో గుంపు తేలాల్సినదాన్ని చూపే మాటలు. క్రక్స్, నబ్, పాయింట్ ఎట్ ఇష్యూ ఈ గుంపులోవి. మొత్తం వ్యవహారం ఏ ముడి దగ్గర ఆగిందో, ఏది తేలితే మిగతావన్నీ తేలిపోతాయో దాన్ని ఇవి సూచిస్తాయి. 'క్రక్స్' అంటే లాటిన్‌లో శిలువ. విప్పడానికి కష్టమైన చిక్కు అనే అర్థం ముందు వచ్చి, తర్వాత అన్నిటికంటే కీలకమైన అంశం అనే అర్థం స్థిరపడింది. తెలుగులో దీనికి దగ్గరగా ఉండేవి 'కీలకం', 'అసలు చిక్కు'. 'సారాంశం' ఎంతమాత్రం కాదు.

నాలుగో గుంపు చివరకు ఏం తేలిందో చెప్పమనే మాటలు. అప్‌షాట్, బాటమ్ లైన్, టేక్‌అవే ఈ గుంపులోవి. 'అప్‌షాట్' విలువిద్య పోటీల నుంచి వచ్చింది. పోటీలో ఆఖరి బాణం అది. 'బాటమ్ లైన్' జమాఖర్చుల పుస్తకం నుంచి వచ్చింది. లాభమో నష్టమో చెప్పే అట్టడుగు వరుస అది. 'టేక్‌అవే' కొత్తగా వాడుకలోకి వచ్చిన మాట. ఉపన్యాసమో సమావేశమో ముగిశాక వినేవారు తమతో ఇంటికి తీసుకెళ్లే విషయం అని భావం.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాంతో ఒక ఉదాహరణ

ఈ తేడా తెలియడానికి ఖరగ్‌పూర్ వారందరికీ తెలిసిన విషయాన్నే తీసుకోవచ్చు. 1,072.5 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం చాలాకాలం ప్రపంచంలోనే పొడవైనదిగా పేరుపొందింది. 2013లో 1,366 మీటర్ల గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫాం దాన్ని దాటింది. 2023లో 1,507 మీటర్లతో కర్ణాటకలోని హుబ్బళ్లి ముందుకొచ్చింది. దీని మీద ఎవరో రెండు పేజీల వ్యాసం రాశారనుకుందాం. రికార్డు పోయిందని బాధపడనక్కర్లేదు, అనేక ప్రాంతాల వారిని కలిపిన జంక్షన్‌గానే ఖరగ్‌పూర్‌కు పేరు అన్నది ఆ రచయిత వాదన అనుకుందాం.

ఆ వ్యాసం 'జిస్ట్' అడిగితే ఇలా చెప్పాలి: ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం రికార్డు ముందు గోరఖ్‌పూర్‌కు, తర్వాత హుబ్బళ్లికి వెళ్లింది, అయినా పట్టణం గుర్తింపు దాని మీద ఆధారపడి లేదని రచయిత అంటున్నారు. 'థీమ్' అడిగితే: ఊరి గుర్తింపు. 'థీసిస్' అడిగితే: ఖరగ్‌పూర్ గొప్పతనం ప్లాట్‌ఫాం పొడవులో లేదు, అది కలిపిన మనుషుల్లో ఉంది. 'క్రక్స్' అడిగితే: ఒక ఊరికి పేరు తెచ్చేది కట్టడమా, అక్కడి జనమా అన్న ప్రశ్న. 'అప్‌షాట్' అడిగితే: రికార్డు పోయినా బాధపడాల్సిన పని లేదు.

వ్యాసం ఒకటే, సరైన జవాబులు ఐదు. ఒక ప్రశ్నకు రాయాల్సిన జవాబు ఇంకో ప్రశ్నకు రాస్తే అది తప్పు జవాబే అవుతుంది. రికార్డు ఎవరికి వెళ్లిందో 'జిస్ట్'లో రావాలి. 'థీసిస్'లో దానికి చోటు లేదు.

చార్జిషీటులో 'సబ్‌స్టెన్స్' ఎక్కడుంటుంది?

పరీక్షలో పొరపాటు పడితే పోయేది నాలుగైదు మార్కులు. అదే పొరపాటు రైల్వే చార్జిషీటు దగ్గర జరిగితే నష్టం పెద్దది.

రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలు 1968 నాటివి. పెద్ద శిక్ష విధించాలనుకున్నప్పుడు ఇచ్చే చార్జిషీటు ఎలా ఉండాలో తొమ్మిదో నిబంధన చెబుతుంది. ఆరోపణల 'సబ్‌స్టెన్స్'ను స్పష్టమైన, విడివిడి అభియోగాలుగా రాయాలని అందులో ఉంది. చార్జిషీటుకు నాలుగు అనుబంధాలుంటాయి. మొదటిది అభియోగం. రెండోది దాన్ని బలపరిచే ఆరోపణల వివరం. మూడోది పత్రాల జాబితా, నాలుగోది సాక్షుల జాబితా. ఉద్యోగి తన వివరణను మామూలుగా పది రోజుల్లోపు ఇవ్వాలి.

మొదటి అనుబంధం చాలావరకు కొన్ని వాక్యాల్లో ముగుస్తుంది. రెండోది పేజీలకొద్దీ ఉండవచ్చు. తేదీలు, మెమో నంబర్లు, ఎవరు ఎవరికి ఏం రాశారన్నదీ అంతా అందులోనే ఉంటుంది. అందుకే చదివేవారి దృష్టి రెండోదాని మీదికి పోతుంది. కానీ వివరణ ఇవ్వాల్సింది ముందుగా మొదటిదానికి.

ఊహించుకున్న ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఉద్యోగి తల్లికి జబ్బు చేస్తే పదిహేను రోజుల సెలవు పెట్టి శ్రీకాకుళం దగ్గరున్న సొంతూరికి వెళ్లాడు. జబ్బు తగ్గకపోవడంతో మరో నలభై రోజులు అక్కడే ఉండిపోయాడు. తిరిగి వచ్చాక చార్జిషీటు చేతికి వచ్చింది. అనుమతి లేకుండా డ్యూటీకి రాలేదు కాబట్టి విధి పట్ల నిబద్ధత చూపలేదని, 1966 నాటి ప్రవర్తన నియమావళిలోని 3(1)(ii) నిబంధనను ఉల్లంఘించాడని అందులో ఉంది.

ఇక్కడ ఒక్కో ఇంగ్లిష్ మాటా ఒక్కో చోట అతుకుతుంది. సెలవు ముగిశాక నలభై రోజులు రాలేదన్నది 'జిస్ట్'. విధి పట్ల నిబద్ధత లోపించిందన్నది 'గ్రావమెన్', అంటే అభియోగంలో బరువైన భాగం. లాటిన్‌లో బరువుకు సంబంధించిన మాట నుంచే అది వచ్చింది. ఆ గైర్హాజరు కావాలని చేసినదా, తప్పనిసరై జరిగినదా అన్నది 'క్రక్స్'. విచారణ తర్వాత శిక్ష పడిందా, కేసు మూసేశారా అన్నది 'అప్‌షాట్'.

'క్రక్స్' అక్కడే ఉందనడానికి ఆధారం ఉంది. 2012లో కృష్ణకాంత్ బి. పర్మార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నను పరిశీలించింది. ఆ కేసు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిది. అక్కడ కూడా విధి పట్ల నిబద్ధత గురించిన నిబంధనే చర్చకు వచ్చింది. అనుమతి లేని గైర్హాజరంతా నిబద్ధత లోపం కాదని, అది ఉద్దేశపూర్వకమని తేలాల్సిందేనని, తప్పించుకోలేని పరిస్థితుల్లో రాలేకపోతే దాన్ని ఉద్దేశపూర్వకం అనలేమని కోర్టు చెప్పింది.

మన ఉదాహరణలోని ఉద్యోగి వివరణ ఎలా రాస్తాడు? చాలామంది రాసే తీరులోనే రాస్తే మూడు పేజీలవుతుంది. ఇరవై ఏళ్ల సర్వీసు, తండ్రి కూడా రైల్వేలోనే చేయడం, పిల్లల చదువులు, ఇంటి ఖర్చులు అన్నీ వస్తాయి. చివర్లో 'పొరపాటైంది, ఈసారికి క్షమించండి' అని ఉంటుంది. రాసింది నిజమే కావచ్చు. కానీ పొరపాటైందన్న మాటను అభియోగం ఒప్పుకున్నట్టుగా చదివే అవకాశం ఉంది. కావాలని చేయలేదని చూపించే విషయాలు మాత్రం కాగితం మీదికి రానే లేదు. ఆస్పత్రిలో చేర్చిన తేదీ, డాక్టరు సర్టిఫికెట్, సెలవు పొడిగించమని పంపిన ఉత్తరం రసీదు, పై అధికారికి పెట్టిన సందేశం ఉంటే వాటి వివరం ముందు రావాలి.

అప్పు లెక్కతో చెప్పాలంటే ఇది వడ్డీ కడుతూ అసలు ముట్టుకోకపోవడం లాంటిది. ఎంత కట్టినా బాకీ అలాగే ఉంటుంది.

ఈ పనిలో ఉద్యోగి ఒంటరిగా ఉండాల్సిన అవసరం లేదు. విచారణలో తోటి రైల్వే ఉద్యోగి సాయం గానీ, షరతులకు లోబడి గుర్తింపు పొందిన యూనియన్ ప్రతినిధి సాయం గానీ తీసుకునే వీలును అదే తొమ్మిదో నిబంధన కల్పిస్తోంది. అయితే సాయం చేసేవారికి విషయం చెప్పాలన్నా అభియోగం ఏమిటో ముందు తనకు తెలియాలి.

చూడటానికి ఒకటి, చెప్పేది మరొకటి

ఈ మాటల్లో కొన్ని సందర్భం మారితే అర్థం మార్చుకుంటాయి. ముఖ్యంగా ఆఫీసు కాగితాల్లో ఇవి ఇబ్బంది పెడతాయి.

'ఎసెన్స్' అంటే సారం, మూలతత్త్వం. కానీ టెండరు కాగితాల్లో 'టైమ్ ఈజ్ ది ఎసెన్స్ ఆఫ్ ది కాంట్రాక్ట్' అని ఉంటే అది కాలం గొప్పతనం గురించిన మాట కాదు. చెప్పిన గడువులోగా పని పూర్తి కావడం ఒప్పందానికి ప్రాణమని దాని భావం. అలాంటి ఒప్పందంలో గడువు దాటితే అవతలి పక్షం ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 55వ సెక్షన్ చెబుతుంది.

'సబ్‌స్టెన్స్' బడిలో సారాంశం. ఒక ఆరోపణలో 'సబ్‌స్టెన్స్ లేదు' అంటే మాత్రం అందులో పస లేదని. 'మ్యాన్ ఆఫ్ సబ్‌స్టెన్స్' అంటే కలిగినవాడు.

'జిస్ట్' ఇప్పుడు మామూలు మాట. పుట్టింది మాత్రం కోర్టులో. పాత ఫ్రెంచి న్యాయ పరిభాషలో దావా దేని మీద నిలుస్తుందో చెప్పడానికి వాడిన క్రియ నుంచి అది వచ్చింది. కేసు దేని మీద ఆధారపడి ఉందన్నదే దాని తొలి అర్థం.

ఇక 'పాయింట్' అన్న మాట రైల్వే కుటుంబాల్లో తెలియనివారుండరు. పట్టాలు విడిపోయి బండి దారి మార్చుకునే చోటు పాయింట్, అక్కడ పనిచేసే మనిషి పాయింట్స్‌మన్. మాటల్లో 'కమ్ టు ది పాయింట్' అంటే డొంకతిరుగుడు మాని విషయానికి రమ్మని. 'మిస్సింగ్ ది పాయింట్' అంటే అసలు విషయం పట్టుకోలేదని. 'బిసైడ్ ది పాయింట్' అంటే చెప్పింది నిజమే కావచ్చు గానీ ఇక్కడ దానితో పని లేదని. వివరణ ఇచ్చిన ఉద్యోగికి ఈ మూడో మాట రాతపూర్వకంగా వస్తే, ఆయన్ను అబద్ధమాడారని అనడం లేదు. ఆ విషయం ఈ అభియోగానికి సంబంధించింది కాదంటున్నారు. అప్పుడు అదే సంగతిని మరింత గట్టిగా చెప్పి ప్రయోజనం లేదు.

పండు, గింజ, చెట్టు నుంచి వచ్చిన మాటలు కూడా ఉన్నాయి. 'కెర్నల్' అంటే గింజ లోపలి పప్పు. 'పిత్' అంటే కాండం లోపలి మెత్తటి భాగం, అరటి దవ్వ లాంటిది. 'పితీ' అని ఒకరి మాటను మెచ్చుకుంటే, తక్కువ మాటల్లో ఎక్కువ విషయం చెప్పారని. 'క్వింటెసెన్స్'లో ఉన్నది ఐదు అనే అంకె. భూమి, నీరు, నిప్పు, గాలి అనే నాలుగింటికి మించిన ఐదో మూలపదార్థం ఒకటుందని ప్రాచీన గ్రీకులు అనుకున్నారు. పంచభూతాల లెక్క తెలిసిన తెలుగువారికి ఇది గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు.

అసలు విషయం పట్టుకోవడానికి ఆరు గుర్తులు

మాటల అర్థం తెలిసినా, చేతిలోని కాగితంలో అసలు విషయం ఏదో ఎలా తేల్చుకోవాలి? దీనికి మన దగ్గరే పాత పద్ధతి ఒకటుంది. మీమాంస, వేదాంత శాస్త్రాల వారు ఒక గ్రంథం తాత్పర్యాన్ని నిర్ణయించడానికి ఆరు గుర్తులు చెప్పారు. వారి దృష్టిలో తాత్పర్యం అంటే బడిలో రాసే పూర్తి భావం కాదు. గ్రంథం మొత్తం ఏ విషయం చెప్పడానికి పూనుకుందో అది. అంటే ఇంగ్లిష్‌లో 'సెంట్రల్ ఐడియా' అడిగేదే అసలైన తాత్పర్యం.

మొదటి గుర్తు ఉపక్రమ ఉపసంహారాలు. మొదట్లోనూ చివర్లోనూ ఏది ఉందో చూడాలి. రెండు చోట్లా ఒకే విషయం ఉంటే దారి దొరికినట్టే. రెండోది అభ్యాసం, అంటే పదేపదే వచ్చే విషయం. మూడోది అపూర్వత, మరెక్కడా లేకుండా ఇక్కడే కొత్తగా చెప్పింది. నాలుగోది ఫలం, దీనివల్ల ఏం జరగాలని రచయిత అనుకుంటున్నారో అది. ఐదోది అర్థవాదం, పొగడటానికో తెగడటానికో చెప్పిన మాటలు. అవి దేన్ని పొగుడుతున్నాయో అదే ముఖ్యం, ఆ పొగడ్త కాదు. ఆరోది ఉపపత్తి, ఏ విషయాన్ని నిలబెట్టడానికి కారణాలు చూపుతున్నారో అది.

పదో తరగతి ఇంగ్లిష్ పాఠానికి ఇవి ఎంత పనికొస్తాయో చార్జిషీటుకూ అంతే పనికొస్తాయి. మన ఉదాహరణలో 'అనధికార గైర్హాజరు' అనే మాట మొదట్లో వస్తుంది, చివర్లో వస్తుంది, మధ్యలో పలుసార్లు వస్తుంది. 'నిబద్ధత' అనే మాట ఒక్కసారే రావచ్చు. కానీ ఆ అభియోగానికి నిబంధనతో ముడిపెట్టేది అదే. శిక్ష అనే ఫలం దాని మీదే ఆధారపడి ఉంది. తేదీలు, మెమో నంబర్లు దాన్ని నిలబెట్టే ఉపపత్తులు. ఇంత విడదీసి చూసుకుంటే దేనికి జవాబు రాయాలో స్పష్టమవుతుంది.

రాసే ముందు ఒక వాక్యం

ఇంగ్లిష్ పాఠం, నోటీసు, ఉత్తర్వు ఏది చేతికి వచ్చినా ముందు ఒక్క వాక్యం తెలుగులో రాసుకోవడం మంచి అలవాటు. 'ఈ కాగితం ఫలానా విషయం అంటోంది' అన్నది ఆ వాక్యం. దాని కింద రెండో వాక్యం: 'ఇది తేలాలంటే ఫలానా విషయం తేలాలి.' మొదటిది జిస్ట్, రెండోది క్రక్స్. ఆ రెండూ తెలుగులో రాయలేకపోతే కాగితం ఇంకా అర్థం కాలేదన్నమాట. అప్పుడు ఇంకోసారి చదవాలి, లేదా తెలిసినవారి దగ్గరకు తీసుకెళ్లాలి. అవి రాయగలిగితే, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాసే పని చాలావరకు అనువాదమే. దాన్ని బడిలో టీచరు, యూనియన్ ఆఫీసులో అనుభవమున్న మనిషి, ఇంట్లో చదువుకున్న పిల్లలు ఎవరైనా సరిదిద్దగలరు. ఆ రెండు వాక్యాలు తప్పితే మాత్రం ఇంగ్లిష్ ఎంత బాగున్నా జవాబు పక్కకే పోతుంది.